డబ్బా చెప్పిన మాట

మా షాపులో నన్ను అందరూ చెవి డాక్టరు అంటారు. చెవులకి వైద్యం చేస్తానని కాదు, బట్టలుతికే మెషీనుకి చెవి ఆనించి దాని జబ్బు చెబుతానని. ఇరవై ఆరేళ్లుగా ఇదే నా పని. బేరింగు అరిగితే మెషీను ఒక రకంగా మూలుగుతుంది. పంపులో గుండీ ఇరుక్కుంటే దగ్గుతుంది. బెల్టు వదులైతే గురక పెడుతుంది. ఇందులో నా గొప్పేమీ లేదు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు నేను అడిగేది ఒక్కటే: స్వామీ, నా చెవులు బాగుండేలా చూడు, తక్కినవి నేను చూసుకుంటాను. ఈ మాట విన్నప్పుడల్లా నా భార్య, "ఆ చెవులకి నా మాట ఒక్కటే వినపడదు" అంటుంది.

అలాంటి నాకు యాభై నాలుగో ఏట డబ్బా వచ్చి పడింది.

దాని అసలు పేరు ఇంటర్‌ఫేస్ మాడ్యూలు. మాకు నేర్పడానికి కంపెనీ నుంచి వచ్చిన మేడమ్ అలాగే అనేది. మాకు నోరు తిరగక డబ్బా అనేవాళ్లం. అరచేతిలో ఇమిడే నల్లటి గుండ్రటి వస్తువు. అడుగున అయస్కాంతం, మధ్యలో చిన్న గాజు కన్ను, పక్కనుంచి ల్యాప్‌టాప్ కంప్యూటరుకి తగిలించే తీగ. మెషీను ముందు భాగంలో ఎర్రగా వెలిగే దీపం ఉంటుంది చూశారా, దాని మీద దీన్ని అంటించాలి. ఆ దీపం ఊరికే వెలుగుతున్నట్టు మనకి కనిపిస్తుంది కానీ, మన కంటికి అందనంత వేగంగా మిణుకుమిణుకుమంటూ లోపలి సంగతులన్నీ చెబుతుందట. ఎన్నిసార్లు ఉతికింది, నీళ్లు ఎంత వేడెక్కాయి, ఎక్కడ ఆగింది, తలుపు ఎప్పుడు తెరిచారు, అన్నీ. డబ్బా వాటిని చూసి కంప్యూటరుకి చేరవేస్తుంది. కంప్యూటరు మనకి తెలిసేలా రాసి పెడుతుంది.

"ఇది కొత్తగా మొదలుపెట్టారా మేడమ్, ఇలా చెప్పడం?" అని అడిగాను.

"లేదండీ, పదేళ్ల నుంచీ వచ్చిన మెషీన్లన్నీ చెబుతూనే ఉన్నాయి. వినే పరికరం ఇప్పుడు మీ చేతికిచ్చాం."

నాకు కాస్త సిగ్గేసింది. పదేళ్లుగా ఒకరు ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే, నేను వాళ్ల వీపుకి చెవి పెట్టి విన్నానన్నమాట.

మా ఓనరు నాకు పని నేర్పిన గురువుగారి కొడుకు. చిన్నప్పటి నుంచి నన్ను బాబాయ్ అనే పిలుస్తాడు. శిక్షణ అయిపోయిన రోజు నన్ను పక్కకి పిలిచి, చేతులు నలుపుకుంటూ చెప్పాడు.

"బాబాయ్, వచ్చే సోమవారం నుంచి ఇళ్లకి వెళ్లేవాళ్లందరూ డబ్బాతోనే పని చెయ్యాలి. ఈలోగా ఒక్కొక్కరికి మూడు ఇళ్లిస్తాను. అందులో ఒక్క ఇంట్లోనైనా డబ్బాతో కారణం కనిపెట్టి, రిపోర్టు తీసి, ఇంటివాళ్ల చేత సంతకం పెట్టించుకురావాలి."

"రాకపోతే?"

"స్టోరు రూములో కూర్చోవాలి. వచ్చినవాళ్లకి స్పేరు పార్టులు తీసిస్తూ. నేనేం చెయ్యను, పైనుంచి రూలు. నువ్వు పాసవుతావులే బాబాయ్."

అతను 'లే' అన్న తీరులోనే నాకు విషయం బోధపడింది.

స్టోరు రూము చెడ్డదేమీ కాదు. ఫ్యాను ఉంది, కుర్చీ ఉంది. కిటికీ లేదు. కానీ నాకు ఇళ్లు కావాలి. ఒక ఇంట్లో తాతగారు మెషీను నీళ్లు వదిలేదాకా నాతో చదరంగం ఆడతారు. ఇంకో ఇంట్లో అక్కచెల్లెళ్లిద్దరూ పోట్లాడుకుంటూ తీర్పు నన్ను చెప్పమంటారు. నలుగురి ఇళ్లలోకి చొరవగా వెళ్లి, కాస్త పనికొచ్చి, మంచినీళ్లు తాగి బయటికి రావడం కూడా దేవుడిచ్చిన భాగ్యమే అనుకుంటాను నేను. ఈ మాట చెబితే నా భార్య నవ్వలేదు. "మీరు రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికొస్తే, ఆ మాటలన్నీ నా నెత్తినే పడతాయి. ఎలాగైనా పాసవ్వండి" అంది. ఆ సాయంత్రం డబ్బా తీసి నా నుదుటికి అంటించి, "ఇక్కడ ఏం నడుస్తోందో ముందు ఇది చెప్పమనండి. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, నాకంతు పట్టలేదు" అంది.

మొదటి ఇల్లు గురువారం. మెషీను నీళ్లు తోడడం లేదని ఫిర్యాదు. వెళ్లాను, డబ్బా అంటించాను, తీగ తగిలించాను. 'యంత్రం కనబడలేదు' అంది కంప్యూటరు. తీగ మార్చాను. కన్ను తుడిచాను. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. కనబడలేదు. ముప్పావుగంట కుస్తీపట్టి, చివరికి మేడమ్‌కి ఫోను చేశాను.

"మెషీను ఆన్‌లో ఉందా అండీ?" అని అడిగింది.

"ఆన్‌లో ఎందుకుంటుందమ్మా? రాగానే ప్లగ్గు తీసేశాను. రుమాలు కూడా కట్టాను."

"ముందు ప్లగ్గు పెట్టండి" అంది మేడమ్ నెమ్మదిగా.

ఈ రుమాలు సంగతి చెప్పాలి. మా గురువుగారు ఒకసారి మెషీను లోపల చెయ్యి పెట్టి పని చేస్తుంటే, ఆ ఇంటావిడ పాపం సాయం చేద్దామని ప్లగ్గు పెట్టింది. ఆయన వేళ్లు రెండు వంకర పోయాయి. ఆ రోజు నుంచి ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లెవరైనా సరే, గడప దాటగానే ముందు ప్లగ్గు తీస్తాం, తీసిన ప్లగ్గుకి రుమాలు ముడేస్తాం. ముడి విప్పేది మేమే. ఇరవై ఆరేళ్లలో నా చెయ్యి ఈ పని ఎన్ని వేలసార్లు చేసిందో. ఇప్పుడు డబ్బా వచ్చి, మెషీను మేలుకుని ఉంటే తప్ప మాట్లాడనంటోంది. నిద్రపోతున్నవాణ్ణి లేపకుండా నీ పేరేమిటని ముప్పావుగంట అడిగానన్నమాట నేను. అప్పటికి ఆ మొదటి ఇంటావిడ విసిగిపోయి, ఇంకెవరినైనా పంపమని షాపుకి ఫోను చేసేసింది.

రెండో ఇల్లు శుక్రవారం. గిన్నెలు కడిగే మెషీను. ఈసారి ప్లగ్గు ముట్టుకోలేదు. కానీ గుమ్మంలో ఉండగానే నా చెవికి పంపు దగ్గు వినిపించింది. చెయ్యి ఊరుకోలేదు. జాలీ తీసి, ఇరుక్కున్న సీసా మూత ముక్క లాగేశాను. మెషీను హాయిగా తిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది డబ్బా. అంటించి చూస్తే, 'ప్రస్తుతం లోపాలేవీ లేవు' అంది. ఎందుకుంటాయి? సంతకమైతే దొరికింది కానీ కారణం గడిలో ఏమీ లేదు. ఓనరు రిపోర్టు చూసి తల పట్టుకున్నాడు.

"బాబాయ్, నువ్వు బాగుచేశావని నాకు తెలుసు. కానీ డబ్బా కనిపెట్టాలి కదా!"

"దానికంటే ముందు నేను కనిపెడితే తప్పా?"

"తప్పే" అని నవ్వేశాడు. "రేపు ఒక్కటే మిగిలింది. చెవులు మూసుకుని వెళ్లు."

శనివారం పొద్దున దేవుడి ముందు నిలబడి, చెవుల సంగతి అడగాలా వద్దా అని కాసేపు సందేహించాను. చివరికి, 'నీకేది మంచిదనిపిస్తే అది' అని వదిలేశాను. ఇలా అనేశాక కూడా మనసులో, స్టోరు రూము మాత్రం వద్దు స్వామీ అనుకున్నాను. ఇది మోసమో ప్రార్థనో నాకు తెలియదు.

మూడో ఇల్లు ఒక మేడ మూడో అంతస్తులో. మధ్యాహ్నం మూడు కావస్తోంది. తలుపు తీసినావిడ బడిలో టీచరు. ఆ బడికి శనివారాలు కూడా ఉంటాయట. పొద్దుట తన క్లాసులు చెప్పుకుని ఇంటికొచ్చి పేపర్లు దిద్దుకుంటోంది. చేతిలో ఎర్ర పెన్ను, కళ్లజోడు నెత్తి మీద.

"రండి. మీ షాపు నుంచి రావడం ఇది మూడోసారి" అంది. "వచ్చినవాళ్లు చూస్తున్నంతసేపూ ఈ మెషీను నంగనాచిలా తిరుగుతుంది. వాళ్లు మెట్లు దిగగానే మొదలు."

"ఏం చేస్తుందమ్మా?"

"ఆగిపోతుంది. రోజూ మూడున్నరకి మా పాపని బడినుంచి తీసుకురావడానికి వెళ్తాను. వెళ్లేముందు బట్టలు వేస్తాను. వచ్చేసరికి సగంలో ఆగి, దీపాలార్పుకుంటూ వెలిగించుకుంటూ కూర్చుని ఉంటుంది. నేను బటను నొక్కితే మళ్లీ తిరుగుతుంది. నేను గడప దాటానని దానికెలా తెలుస్తోందో!"

"ఆదివారాలు?"

"ఆదివారం ఇంట్లోనే ఉంటాను కదా, ఆగదు. నేనంటే భయం లాగుంది."

హాల్లో కుర్చీలో కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నారు. ఆవిడ మామగారు. రిటైరైన స్టేషన్ మాస్టరట. నిటారుగా కూర్చుని ఉన్నారు, ఇస్త్రీ చొక్కా, గడియారం సరిచేసుకుంటూ.

"కరెంటులో ఏదో తేడా అయ్యుంటుంది బాబూ" అన్నారు.

"కరెంటు చూశారు మామయ్యా, మొదటాయనే చూశారు."

"అయితే పురుగేదైనా దూరిందేమో."

"రెండో ఆయన మోటారే మార్చారు. పురుగుంటే దొరికేది కాదూ!"

పెద్దాయన లేచి మాతోపాటు వంటింటి వెనక ఉన్న స్నానాలగదికి వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డారు.

నా కుడిచెయ్యి తిన్నగా ప్లగ్గు మీదకి వెళ్లింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని వెనక్కి లాగాను. "ఏమైందండీ, షాకు కొట్టిందా?" అంది ఆవిడ. "లేదమ్మా, అలవాటు" అన్నాను. ప్యాంటు జేబులోంచి సగం బయటికొచ్చిన రుమాలు లోపలికి తోసేసి, డబ్బాని ఎర్రదీపం మీద అంటించాను. ఈసారి కంప్యూటరు వెంటనే పలికింది. 'యంత్రం కలిసింది. పాత వివరాలు తెస్తున్నాను, కొంత సమయం పడుతుంది' అంది.

ఆవిడ గడియారం చూసుకుంది. "నాకు టైమైపోయింది. ఇవాళ కూడా వేసి వెళ్లనా? మీ కళ్లముందే ఆగితే బాగుణ్ను."

"వేసి వెళ్లండమ్మా. అదేం చేస్తుందో డబ్బాయే చెబుతుంది."

బట్టలు వేసి, బటను గట్టిగా నొక్కి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మెషీను నీళ్లు తీసుకోవడం మొదలుపెట్టింది. పెద్దాయన కదల్లేదు.

"అయితే ఆ డబ్బా చెబుతుందంటావా?" అన్నారు.

"చెబుతుందనే అంటున్నారండీ. నాకూ కొత్తే."

"ఏమేం చెబుతుంది?"

ఇంతలో తెర నిండా వరసలు పడ్డాయి. పంతొమ్మిది రోజులవి. అన్నిట్లోనూ ఒకటే వరస. నాకు కొత్త కాబట్టి పైకే చదివాను. "ఉతకడం మొదలైన పన్నెండో నిమిషం: ఆపు బటను నొక్కారు. తలుపు తెరిచారు. డ్రమ్ములో బరువు నాలుగు వందల గ్రాములు పెరిగింది. తలుపు మూశారు. మొదలు బటను నొక్కారు, అర సెకను. చాలలేదు. మళ్లీ నొక్కారు, అర సెకను. చాలలేదు."

చదువుతుండగానే నాకు అర్థమైపోయింది. ఈ మెషీనుకి ఏ జబ్బూ లేదు. మధ్యలో తలుపు తెరిచి మూస్తే, మొదలు బటను మూడు సెకన్లు అదిమి పట్టుకోవాలి. పిల్లలెవరైనా పొరపాటున నొక్కకుండా అలా పెట్టారు. నేను వెనక్కి తిరిగేసరికి, స్టేషన్ మాస్టరుగారు బోర్లించిన బకెట్టు మీద కూలబడి ఉన్నారు.

"గ్రాములతో సహా చెప్పేసిందా?" అన్నారు.

"చెప్పిందండీ."

"ఏ బట్టలో కూడా చెబుతుందా?"

"అది తెలీదండీ దానికి."

ఆయన పెద్దగా ఊపిరి వదిలారు. మెషీను మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది. ఆయనే మొదలుపెట్టారు.

"నేను వీళ్ల దగ్గరికొచ్చి ఆరు నెలలైంది బాబూ. కోడలు బంగారం. వచ్చిన రోజే, మామయ్యా మీ బట్టలన్నీ ఈ బుట్టలో పడెయ్యండి అంది. చొక్కాలిచ్చాను, ప్యాంట్లిచ్చాను. బనియన్లూ, ఆ కిందివీ... కోడలి చేతికి ఎలా ఇస్తానయ్యా? నాకు మొహమాటం. అవి నేనే ఉతుక్కుంటాను, ఆరోగ్యానికి మంచిది అన్నాను. ఉతుక్కున్నాను కూడా. పోయిన నెల నుంచి మణికట్టు పట్టేసింది. పిండలేకపోతున్నాను."

"అందుకని..."

"అమ్మాయి వెళ్లగానే ఆపి, అవి కూడా లోపల పడేస్తాను. ఆరెయ్యడం ఎలాగూ నా పనే, ఎవర్నీ ముట్టుకోనివ్వను. దుప్పటి వెనకాల తీగ మీద ఆరేసుకుంటాను. ఎవరికీ తెలీదు. అంతా బాగానే ఆలోచించాను. కానీ ఇది మళ్లీ కదలదే! ముప్పై ఆరేళ్లు రైళ్లు ఆపాను, పంపాను. దీన్ని ఆపగలుగుతున్నాను కానీ పంపలేకపోతున్నాను. ఇంకాస్త గట్టిగా నొక్కితే ఏం పేలుతుందోనని భయం. కోడలు నొక్కితే మాత్రం ఠక్కున కదులుతుంది."

"ఆవిడ కోపంగా నొక్కుతారు కదండీ, అందుకని ఎక్కువసేపు నొక్కుతారు."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "మొదటి మెకానిక్కు వచ్చిన రోజే చెప్పెయ్యాల్సింది. నోరు రాలేదు. రెండో ఆయన వచ్చి మోటారు విప్పేశాడు. మోటారు మార్చేశాక ఇంకేం మొహం పెట్టుకుని చెబుతాను? నువ్వే ఏదో ఒకటి రాసెయ్యి బాబూ. పురుగు దూరిందని రాయి."

నేను అబద్ధం రాయలేను. మంచివాణ్ణని కాదు, రాస్తే ఆ రాత్రి దేవుడి ముందు నిలబడలేను, అంతే. అలాగని ఆ వరసలన్నీ అచ్చువేసి ఆవిడ చేతిలో పెట్టడానికీ మనసొప్పలేదు. దేవుడికి కూడా మన సంగతులన్నీ తెలుసు, గ్రాములతో సహా తెలుసు. అయినా ఆయన కాగితం తీసి ఇంట్లోవాళ్లకి పంచిపెట్టడు కదా. మనకై మనం చెప్పుకునేదాకా ఆగుతాడు. మరి ఈ డబ్బా ఏమిటి ఇలా? నిజం చెప్పడమూ, చాడీ చెప్పడమూ రెండూ ఒకటేనా? నాలాంటివాడికి తేలే విషయం కాదది.

ఆలోచించి చెప్పాను. "మెషీనులో లోపం లేదు అని రాస్తానండీ. అది నిజమే. అంతకు మించి రాయను. బటను ఎలా నొక్కాలో మీకు చూపిస్తాను, రేపటి నుంచి ఆగదు."

ఆయన మొహం విప్పారింది. "అంతే చాలు! దానివల్ల నీకేం ఇబ్బంది లేదు కదా?"

లేదని అనబోయాను. అది కూడా అబద్ధమే కదా అనిపించింది. "నాకు ఇది ఆఖరి ఇల్లండీ. డబ్బా కనిపెట్టిన కారణం రాసి సంతకం తీసుకెళ్లకపోతే, సోమవారం నుంచి నన్ను స్టోరు రూములో కూర్చోబెడతారు" అన్నాను. 

"స్టోరు రూమంటే?"

"సామాన్లు తీసిస్తూ కూర్చోవడమండీ. కిటికీ ఉండదు."

ఆయన లేచి తన గదిలోకి వెళ్లి, ఒక చిన్న మూట తీసుకొచ్చి, నా వైపు చూడకుండా, "చూపించు మరి" అన్నారు. ఆపు బటను ఆయనే నొక్కారు, అది బాగా వచ్చు. తలుపు తీసి మూట లోపల పడేసి మూశారు. నేను ఆయన వేలిని మొదలు బటను మీద పెట్టాను.

"అదిమి పట్టుకోండి. ఒకటి. రెండు. మూడు."

డ్రమ్ము కదిలింది. బండి సమయానికి బయల్దేరిన స్టేషన్ మాస్టరు మొహం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను.

టీచరమ్మ వచ్చేసరికి మెషీను జోరుగా తిరుగుతోంది. పాప బ్యాగు సోఫాలో పడేసి ఫ్రిజ్ వైపు పరిగెత్తింది. ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా స్నానాలగది గుమ్మంలోకి వచ్చింది.

"ఆగలేదా! ఏమిటట దాని రోగం?"

"మెషీనులో లోపమేమీ లేదమ్మా" అన్నాను, ల్యాప్‌టాప్ మూతమీద చెయ్యి పెట్టుకుని. "ఇక ఆగదు."

"లోపం లేకపోతే ఎందుకాగింది? ఎందుకాగదు?"

"ఆగదమ్మా."

"అదే ఎందుకని?"

నేను ల్యాప్‌టాప్ మూత ఇంకాస్త గట్టిగా అదిమి పట్టుకున్నాను.

"ముందాయనా ఇదే మాట, ఆ తర్వాతాయనా ఇదే మాట. మీరు డబ్బా తెచ్చారు కదా అని ఆశపడ్డాను. మీ ఓనరు నంబరివ్వండి, మాట్లాడతాను" అని ఫోను తీసింది.

తప్పు ఆవిడది కాదు. నేనే అయితే ఎప్పుడో తీసేవాణ్ణి. నంబరు చెప్పడం మొదలుపెట్టాను.

"ఉండమ్మా" అన్నారు పెద్దాయన. గొంతు స్టేషన్ అంతా వినిపించేలా వచ్చింది, ఆయనే కాస్త ఉలిక్కిపడ్డారు. "ఆయన్నేమీ అనకు. బాబూ, ఆ మూత తెరువు. అది రాసిందంతా చదివి వినిపించు. గ్రాములతో సహా చదువు."

"అక్కర్లేదేమోనండీ..."

"చదవవయ్యా! లేకపోతే నేనే చదువుతాను."

చదివాను. ఆవిడ మొదట ఏమీ అర్థంకానట్టు విన్నది. పంతొమ్మిది రోజులు, పన్నెండో నిమిషం, నాలుగు వందల గ్రాములు. కళ్లజోడు నెత్తిమీంచి కళ్లమీదకి దించుకుంది. తెర వైపు చూసింది, మామగారి వైపు చూసింది, గాజు తలుపు వెనక తిరుగుతున్న బట్టల వైపు చూసింది. అందులో సరిగ్గా అప్పుడే ఒక బనియను అద్దానికి అతుక్కుని, చేతులు చాచుకుని, మెల్లగా జారింది.

"మామయ్యా!" అంది.

"అవునమ్మా."

"మోటారు మార్పించారు! బనియన్ల కోసం!"

"మారుస్తాడని నేననుకోలేదు తల్లీ. వద్దందామనుకునేలోపలే విప్పేశాడు."

"పక్కన నిలబడి ఆయనకి కాఫీ కూడా ఇచ్చారు!"

"నావల్లేకదా పాపం అంత కష్టపడుతున్నాడు. కాఫీ అయినా ఇవ్వకపోతే ఎలా?"

ఆవిడ నవ్వాపుకోవడానికి గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. మళ్లీ ఇటు తిరిగేసరికి నవ్వు లేదు, కళ్లు తడిగా ఉన్నాయి.

"వచ్చిన రోజు నుంచీ అడుగుతూనే ఉన్నాను. మా నాన్నవి ఉతకలేదా నేను? అంటే నన్నింకా పరాయిదానిలాగే చూస్తున్నారన్నమాట."

"పరాయిదానివైతే ఎప్పుడో ఇచ్చేసేవాణ్ణి" అన్నారాయన. "ముప్పై ఆరేళ్లలో ఎన్ని ఊళ్లు మారాను, ఎన్ని లాండ్రీలకి వేశాను! వాళ్ల దగ్గర మొహమాటం ఎందుకు? కోడలివి కాబట్టే వచ్చింది చిక్కంతా."

  ఆయన అన్నదాంట్లో ఏదో న్యాయం ఉన్నట్టే ఉంది, పట్టుకుందామంటే దొరకదు. పాప వచ్చి, "తాతయ్యా, నువ్వేం చేశావు?" అని అడిగితే ఆయన, "బండి ఆపాను" అన్నారు.

"సరే" అంది టీచరమ్మ, పరీక్ష పేపరు మీద మార్కులు వేసే గొంతుతో. "రేపట్నుంచి ఈ మెషీను మీదే. వెయ్యడం, తియ్యడం, ఆరెయ్యడం, అన్నీ మీరే. నావీ, మీ అబ్బాయివీ, పాపవీ అన్నీ మీరే ఉతకండి. నాకేం మొహమాటం లేదు."

"మరి నా..."

"మీవి మొదటే పడేసుకోండి, మధ్యలో ఎందుకు? ఇంకెవరైనా చూస్తేగా!"

పెద్దాయన ఈ ఉపాయం ఇంతకాలం తనకెందుకు తట్టలేదా అన్నట్టు చూశారు.

ఆవిడ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, "ఎక్కడ పెట్టాలండీ సంతకం?" అంది. కారణం గడిలో నేను, 'మధ్యలో తలుపు తెరిచి మూసిన తర్వాత మొదలు బటను మూడు సెకన్లు నొక్కకపోవడం' అని రాశాను. ఎవరని రాయలేదు, అడిగే గడీ లేదు. పరికరం కనిపెట్టిందా అన్నచోట అవును అని పెట్టాను. కింద ఇంటివాళ్ల అభిప్రాయం అని ఒక గడి ఉంది. ఆవిడ అందులో ఏదో టకటకా కొట్టి, వేలితో సంతకం గీసి పంపించేసింది.

అయిదు నిమిషాలు కూడా కాలేదు, ఓనరు ఫోను.

"బాబాయ్, రిపోర్టొచ్చింది. అన్ని గడులూ నిండాయి. నువ్వు పాసు! కానీ కింద అభిప్రాయంలో ఇదేమిటి? 'అసలు కారణం మొహమాటం. మెకానిక్కుగారు చివరిదాకా చెప్పలేదు, డబ్బాకి మాత్రం నోరెక్కువ' అని ఉంది. మొహమాటం అనేది కంపెనీ లోపాల పట్టికలో లేదే!"

"తర్వాత చెబుతాలే" అన్నాను.

"చెప్పొద్దులే, నువ్వు మొదలుపెడితే ఆపవు. సోమవారానికి నీకు నాలుగిళ్లు రాశాను. డబ్బా జాగ్రత్త."

ఫోను పెట్టేసరికి ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు. "సోమవారం నుంచి నాలుగిళ్లట" అన్నాను. స్టేషన్ మాస్టరుగారు రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, నాకంటే ఎక్కువ సంతోషపడుతూ ఊపేశారు. అంత ఊపితే మణికట్టు నొప్పి కదా అనిపించింది కానీ అనలేదు.

"ఇంకో పావుగంటలో ఉతకడం అయిపోతుంది, అందాకా కూర్చో" అన్నారాయన, నన్ను హాల్లోకి తీసుకొచ్చి ఫ్యాను కింద కుర్చీ లాగుతూ. "ఒకసారి ఏమైందంటే, కుండపోతగా వాన. సిగ్నలివ్వకుండానే ఒక గూడ్సు బండి మా స్టేషన్లో ఆగిపోయింది. డ్రైవరు దిగడు, గార్డు పలకడు..."

"మామయ్యా, ఆయన్ని వెళ్లనివ్వండి, ఎన్ని పనులున్నాయో ఏమో!" అని వంటింట్లోంచి కేకేసింది టీచరమ్మ.

"తొందరేమీ లేదమ్మా" అన్నాను, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంటూ. "ఎందుకాగిందండీ?"